ఉపకారమా, వేతనమా? – కాలేజీ ఆటగాళ్ళకు డబ్బు ఇవ్వడంపై తరగతి చర్చ



మన బడిలో పై తరగతి పిల్లలతో, అంటే 14 నుంచి 17 ఏళ్ళ వాళ్ళతో, ప్రతి ఏడూ ఒక చర్చ చేయిస్తాం. చాలా ఏళ్ళు "పల్లె మేలా, పట్నం మేలా", "సెల్‌ఫోన్ వల్ల లాభమా, నష్టమా" లాంటి అంశాలే ఇచ్చాం. పిల్లలు ఇంట్లో అమ్మో నాన్నో రాసిచ్చిన ఆరు వాక్యాలు బట్టీ పట్టి, అప్పజెప్పి, కూర్చునేవాళ్ళు. అది చర్చ కాదు, పాఠం ఒప్పజెప్పడం. పోయినేడు ఒక అమ్మాయి అడిగింది: "టీచర్, మాకు నిజంగా కోపం వచ్చే టాపిక్ ఇవ్వొచ్చు కదా?" ఏ అంశానికి కోపం వస్తుందని అడిగితే, తరగతిలో సగం మంది ఒకటే చెప్పారు: కాలేజీ ఆటగాళ్ళకు డబ్బు ఇవ్వాలా, వద్దా.

ఆ రోజు గంట అయిపోయినా ఎవరూ లేవలేదు. అయితే రెండు లోపాలు బయటపడ్డాయి. ఒకటి, పది నిమిషాలు కాగానే పిల్లలు ఇంగ్లీషులోకి జారిపోయారు. వాళ్ళకి అభిప్రాయాలు లేక కాదు, మాటలు లేక. రెండు, పెద్దవాళ్ళం మాకే విషయం సరిగ్గా తెలియదు. ఒక తండ్రి "ఫ్రీగా చదువు చెప్తున్నారు, ఇంకేం కావాలి?" అన్నారు. దానికి ఏమని జవాబు చెప్పాలో నాకూ తట్టలేదు. ఈ వ్యాసం ఆ రెండు లోపాలు తీర్చడానికి. ముందు విషయం, తర్వాత మాటలు, చివర తరగతిలో ఎలా నడపాలో చెప్తాను.

మనకు వింతగా ఎందుకు ఉంటుంది

ఇండియాలో పెరిగిన మనకి కాలేజీ ఆటంటే సాయంత్రం గ్రౌండులో వాలీబాల్, ఏడాదికోసారి యూనివర్సిటీ పోటీలు, ఒక కప్పు, ఒక సర్టిఫికెట్. బాగా ఆడేవాళ్ళకి స్పోర్ట్స్ కోటాలో సీటో, రైల్వేలోనో బ్యాంకులోనో పోలీసు శాఖలోనో ఉద్యోగమో వచ్చేది. పి.వి. సింధు ఒలింపిక్ పతకం తెచ్చాక 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమెకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. ఆమె ఆట నేర్చుకున్నది కాలేజీ జట్టులో కాదు, అకాడమీలో. అంటే మన దగ్గర ఆట ఒకచోట, చదువు ఒకచోట. ఆటకి విలువ కట్టేది ప్రభుత్వమో, పెద్ద సంస్థో.

అమెరికాలో ఈ రెండూ ఒకే గొడుగు కింద ఉన్నాయి. మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో లక్షా ఏడు వేల మందికి పైగా కూర్చోవచ్చు. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మార్చి నెల పోటీల టీవీ హక్కుల కోసం 2010లో 14 ఏళ్ళకు 10.8 బిలియన్ డాలర్ల ఒప్పందం కుదిరింది. 2016లో దాన్ని ఇంకో 8.8 బిలియన్లకు 2032 వరకు పొడిగించారు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకి ఎక్కువ జీతం గవర్నరుది కాదు, యూనివర్సిటీ అధ్యక్షుడిదీ కాదు, ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ కోచ్‌ది. పేరున్న ఫుట్‌బాల్ కోచ్‌లకు ఏడాదికి కోటి డాలర్లు దాటుతుంది.

ఇంత డబ్బు తిరిగే చోట, మైదానంలో పరిగెత్తే 20 ఏళ్ళ కుర్రాడికి మాత్రం 2021 దాకా జీతం ఉండకూడదు, ప్రకటనలో కనిపించకూడదు, తన సంతకం కూడా అమ్ముకోకూడదు. పిల్లలకి కోపం వచ్చేది ఇక్కడే.

ఒక మాట ఎలా పుట్టింది

"ఆట పవిత్రం, డబ్బు దాన్ని పాడుచేస్తుంది" అన్న వాదన పిల్లలు తప్పక తెస్తారు. అప్పుడు ఈ కథ చెప్పండి. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొదటి పోటీ 1852లో, హార్వర్డ్, యేల్ మధ్య, న్యూహాంప్‌షైర్‌లోని ఒక సరస్సు మీద పడవ పందెం. ఖర్చు పెట్టుకున్నది ఒక రైల్వే కంపెనీ. చూడ్డానికి జనం వస్తే తన రైలుకి టికెట్లు అమ్ముడవుతాయని. అంటే మొదటి రోజు నుంచే ఆట పక్కన వ్యాపారం ఉంది.

ఆ తర్వాత ఫుట్‌బాల్ వచ్చింది. ఆటలో కుర్రాళ్ళు చనిపోతుంటే 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీ పెద్దల్ని పిలిపించి మాట్లాడారు. ఆ మరుసటి ఏడు ఏర్పడిన సంఘమే 1910 నుంచి ఎన్‌సీఏఏ అన్న పేరుతో నడుస్తోంది. ఆటగాళ్ళ ప్రాణాలు కాపాడాలన్న ఆలోచనతో మొదలైన సంస్థ అది. ఇవాళ దాదాపు 1,100 కాలేజీలు, అయిదు లక్షలకు పైగా ఆటగాళ్ళు దాని నీడలో ఉన్నారు. ఆటగాడికి నేరుగా డబ్బు ఇవ్వకూడదన్నది మొదటి నుంచీ దాని నియమం. 1956లో ఆట ఆధారంగా స్కాలర్‌షిప్ ఇవ్వడానికి ఒప్పుకుంది.

అదే రోజుల్లో కొలరాడోలో ఒక సంఘటన జరిగింది. రే డెనిసన్ అనే ఆటగాడు 1955లో ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పెళ్ళయినవాడు, పిల్లలున్నవాడు. పనిలో ఉండగా చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారం తనకూ ఇవ్వాలని ఆయన భార్య అడిగింది. 1957లో కొలరాడో సుప్రీంకోర్టు కుదరదంది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదు కనుక అతను ఉద్యోగి కాడని తీర్పు.

ఇలాంటి పరిహారం కేసుల భయంతోనే "స్టూడెంట్-అథ్లెట్" అన్న మాటను తయారుచేసి, కాలేజీలన్నీ అదే వాడేలా చేశామని వాల్టర్ బయర్స్ తర్వాత రాశారు. ఆయన 1951 నుంచి 1987 దాకా ఎన్‌సీఏఏని నడిపిన పెద్దమనిషి. పదవి దిగాక 1995లో ఒక పుస్తకం రాసి, తాను కట్టిన వ్యవస్థనే తప్పుపట్టారు.

ఆ మాట ఎంత బలమైనదో ఇంకో కేసులో కనిపిస్తుంది. 1974లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ ఆటగాడు కెంట్ వాల్‌డ్రెప్ అలబామాతో ఆటలో మెడకు దెబ్బ తగిలి కదలలేని స్థితికి వచ్చాడు. ఏళ్ళ తరబడి కోర్టుల్లో తిరిగాడు. చివరికి 2000లో టెక్సస్ కోర్టు కూడా అతను ఉద్యోగి కాడనే చెప్పింది.

భాష నేర్పే బడిలో ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. ఒక మాట ఎంచుకోవడంలోనే ఎవరికి ఏం దక్కుతుందో తేలిపోయింది. పిల్లలకి మనం నేర్పే మాటలకి కూడా అంత బరువు ఉంటుందని వాళ్ళకి తెలియాలి.

మన మాటలోనే ఉంది తగువు

ఇప్పుడు తెలుగుకి వద్దాం. స్కాలర్‌షిప్‌ని మన పాఠ్యపుస్తకాల్లో, ప్రభుత్వ దరఖాస్తుల్లో ఏమంటారు? ఉపకార వేతనం. బోర్డు మీద ఈ రెండు ముక్కలూ విడదీసి రాయండి. ఉపకారం అంటే ఎదుటివాడు దయతో చేసేది. దానికి మనం కృతజ్ఞత చెప్తాం, బేరం ఆడం. వేతనం అంటే చేసిన పనికి రావలసింది. దానికి లెక్క అడుగుతాం, తక్కువైతే పోట్లాడతాం. ఒకే మాటలో ఈ రెండూ పక్కపక్కన కూర్చున్నాయి.

కాలేజీ ఆటగాడికి ఇచ్చే స్కాలర్‌షిప్ ఉపకారమా, వేతనమా? అమెరికా కోర్టులు 70 ఏళ్ళుగా తేల్చుకోలేకపోతున్నది ఇదే. ఉపకారమైతే ఇచ్చినంత తీసుకుని నమస్కారం పెట్టాలి. వేతనమైతే గాయానికి పరిహారం, గంటల లెక్క, సంఘం పెట్టుకునే హక్కు వస్తాయి. పోయినేడు ఆ తండ్రి అన్న "ఇంకేం కావాలి" అన్న మాట ఉపకారం వైపు నుంచి వచ్చింది. పిల్లల కోపం వేతనం వైపు నుంచి వచ్చింది.

కోర్టుల దారి

తేదీలు బట్టీ పట్టించకండి. కథలా చెప్పండి.

1984లో సుప్రీంకోర్టు, టీవీ హక్కులన్నీ ఎన్‌సీఏఏ ఒక్కటే గుప్పిట్లో పెట్టుకోవడం తప్పని చెప్పింది. దాంతో కాలేజీలు ఎవరి ఆట వాళ్ళు అమ్ముకోవడం మొదలుపెట్టాయి. డబ్బు ప్రవాహం అక్కడ పెరిగింది. అదే తీర్పులో ఆటగాళ్ళకు డబ్బు ఇవ్వకపోవడమే కాలేజీ ఆట ప్రత్యేకత అన్నట్టు ఒక మాట వచ్చింది. ఆ ఒక్క మాటని ఎన్‌సీఏఏ ముప్ఫై ఏళ్ళకు పైగా కవచంలా వాడుకుంది.

ఎడ్ ఒబానన్ 1995లో యూసీఎల్‌ఏకి బాస్కెట్‌బాల్ టైటిల్ తెచ్చినవాడు. ఏళ్ళ తర్వాత ఒక వీడియో గేమ్‌లో తన జట్టు, తన 31వ నంబరు, తనలాగే ఎడమ చేత్తో ఆడే బొమ్మ చూశాడు. పేరు లేదు, పైసా రాలేదు. 2009లో కోర్టుకెళ్ళాడు. 2014లో కాలిఫోర్నియా న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ అతని వైపు తీర్పిచ్చారు.

అదే 2014లో కనెటికట్ జట్టు ఆటగాడు షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకుంటానని విలేఖరులతో అన్నాడు. అతని జట్టు ఆ ఏడు జాతీయ విజేత. కొద్ది రోజుల్లోనే ఎన్‌సీఏఏ భోజనాల మీద పరిమితి తీసేసింది. నార్త్‌వెస్టర్న్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళు సంఘం పెట్టుకోవాలని ప్రయత్నించిందీ ఆ ఏడే. మొదట వాళ్ళు ఉద్యోగులేనన్నారు. 2015లో పై బోర్డు ఆ విషయంలో కలగజేసుకోనంది.

2019లో కాలిఫోర్నియా, ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని చట్టం చేసింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది ఓట్లతో, చదువుకి సంబంధించిన ప్రయోజనాల మీద ఎన్‌సీఏఏ పరిమితులు చెల్లవంది. తీర్పు రాసినవారు జస్టిస్ గోర్సచ్. జస్టిస్ కవనా విడిగా రాస్తూ ఇంకా గట్టిగా అన్నారు. పనిచేసేవాళ్ళకి న్యాయమైన డబ్బు ఇవ్వకూడదని కంపెనీలన్నీ కూడబలుక్కోవడాన్ని ఇంకే వ్యాపారంలోనూ ఒప్పుకోరని ఆయన మాటల సారాంశం. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ, పోలిక వాడుకుని సంపాదించుకునే వీలు కలిగింది. దాన్నే ఎన్‌ఐఎల్ అంటారు. ఇది కాలేజీ ఇచ్చే డబ్బు కాదు, షూ కంపెనీయో ఊళ్ళో కార్ల డీలరో ఇచ్చేది.

ఇక హౌస్ కేసు. 2025 జూన్ 6న న్యాయమూర్తి విల్కెనే ఆ రాజీకి ఆమోదం ఇచ్చారు. 2016 నుంచి ఆడినవాళ్ళకి పాత బకాయిలాగా సుమారు 2.8 బిలియన్ డాలర్లు పదేళ్ళలో ఇవ్వాలి. ఇకముందు కాలేజీలే తమ ఆదాయంలోంచి ఆటగాళ్ళకు నేరుగా పంచవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ గరిష్ఠంగా సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. 2025 జూలై 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

కాబట్టి ఇప్పుడు "ఇవ్వాలా, వద్దా" అన్న ప్రశ్న సగం పాతబడింది. ఇస్తున్నారు. కానీ ఇంకా ఉద్యోగి అనడం లేదు. డబ్బు వచ్చింది, హోదా రాలేదు. డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ జట్టు 2024 మార్చిలో 13–2 ఓట్లతో కార్మిక సంఘం కావాలంది. ఆ ఏడు చివర్లో ఆ దరఖాస్తుని వెనక్కి తీసుకుంది. అసలు తగువు అక్కడే ఆగి ఉంది.

ఇవ్వాలి అనే పక్షానికి

మన తల్లిదండ్రులకి బాగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. మనలో చాలామంది ఎం.ఎస్. చేయడానికి వచ్చాం. నాకు రెండో సెమిస్టర్‌లో టీఏ దొరికింది. వారానికి 20 గంటలు పేపర్లు దిద్దడం, ల్యాబ్‌లో పిల్లలకి సాయం చేయడం. ట్యూషన్ మాఫీ, దాని మీద నెలనెలా స్టైపెండ్. అది దొరికిన రోజు ఇంటికి ఫోన్ చేసి ఏడ్చాను. చదువుకుంటూ పనిచేస్తున్నాను కనుక నాకు డబ్బు ఇవ్వకూడదని ఎవరూ అనలేదు. ట్యూషన్ మాఫీ చేశాం కదా, ఇంకేం కావాలని కూడా అనలేదు. నేను విద్యార్థిని, యూనివర్సిటీకి పనిచేసే మనిషిని కూడా. రెండూ ఒకేసారి.

ఎన్‌సీఏఏ నియమం ప్రకారం ఆటగాడి సాధన కూడా వారానికి 20 గంటలు మించకూడదు. ప్రయాణం, చికిత్స, "ఇష్టమైతే రండి" అని పిలిచే సాధన ఆ లెక్కలోకి రావు. అవి కలిపితే ఎంతవుతుందో పిల్లల్నే లెక్కవేయమనండి.

ఇంకో రెండు అంశాలు: మోకాలు పోతే ఆ కుర్రాడి మార్కెట్ విలువ అక్కడితో సరి, సంపాదించుకోగలిగిన వయసు ఆ నాలుగేళ్ళే. తర్వాత, ప్రొఫెషనల్ ఆటలోకి వెళ్ళేవాళ్ళు ఎన్‌సీఏఏ లెక్క ప్రకారమే రెండు శాతం కంటే తక్కువ. "రేపు కోట్లు వస్తాయిలే" అన్న ఓదార్పు నూటికి 98 మందికి పనికిరాదు.

వద్దు అనే పక్షానికి

ఈ పక్షం బలహీనమైనదని పిల్లలు అనుకుంటారు. అలా అనుకోనివ్వకండి.

మొదటిది, చాలా కాలేజీల ఆటల విభాగాలకి వచ్చేదానికంటే అయ్యే ఖర్చే ఎక్కువ. చాలాచోట్ల ఆ లోటుని మామూలు విద్యార్థులు కట్టే ఫీజుల్లోంచి పూడుస్తారు. అంటే స్టేడియం గుమ్మం తొక్కని మన అమ్మాయి కట్టే ఫీజు కూడా అందులో ఉండొచ్చు. ఆటగాళ్ళకు పంచే డబ్బు ఎక్కడినుంచి తెస్తారు?

రెండోది, డబ్బు తెచ్చేది ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్. ఈత, టెన్నిస్, రెజ్లింగ్, జిమ్నాస్టిక్స్ ఆ డబ్బు మీదే బతుకుతున్నాయి. పంపకం మొదలైతే ముందు కోతపడేది వాటికి. హౌస్ రాజీతో స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పాత పరిమితులు పోయి, జట్టులో ఇంతమందే ఉండాలన్న పరిమితులు వచ్చాయి. స్కాలర్‌షిప్ లేకపోయినా ఇష్టం కొద్దీ జట్టులో చేరి ఆడే పిల్లలకి చోటు తగ్గింది.

మూడోది, ఆడపిల్లల వాటా. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం చదువులో ఆడా మగా తేడా చూపకూడదంటుంది. కాలేజీల్లో అమ్మాయిల జట్లు పెరిగింది దాని చలవే. ఇప్పుడు బకాయిల్లో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతోందని కొందరు మహిళా క్రీడాకారులు అప్పీలుకి వెళ్ళారు. వీళ్ళు డబ్బు వద్దనడం లేదు, ఎలా పంచుతారని అడుగుతున్నారు. ఈ ప్రశ్న దగ్గర తరగతి రెండు పక్షాలుగా కాదు, నాలుగు పక్షాలుగా చీలుతుంది. చీలనివ్వండి.

నాలుగోది, చదువు. జీతం తీసుకునే ఆటగాడిని "పరీక్ష ఉంది, రేపు రాను" అంటే ఉద్యోగంలోంచి తీసేయవచ్చు కదా? విద్యార్థిని అలా తీసేయడం కష్టం. ఉపకారం అన్న మాటలో అవమానమే కాదు, ఒక రక్షణ కూడా ఉంది.

మన ఇళ్ళకి దగ్గరగా

తల్లిదండ్రులు ఈ భాగం తప్పక చదవండి.

శనివారాలు టోర్నమెంట్లని మన బడి మానేసే పిల్లలు ప్రతి తరగతిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. కొందరు తల్లిదండ్రులు "కాలేజీలో స్కాలర్‌షిప్ వస్తుందండీ, అందుకే" అంటారు. లెక్క తెలుసుకోండి. హైస్కూల్ ఆటగాళ్ళలో కాలేజీలో ఆటకి స్కాలర్‌షిప్ వచ్చేది సుమారు రెండు శాతం మందికి. అదీ చాలా ఆటల్లో పూర్తి స్కాలర్‌షిప్ కాదు. మొన్నటిదాకా పురుషుల టెన్నిస్‌లో ఒక డివిజన్ వన్ జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే. వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఐవీ లీగ్ కాలేజీలు, డివిజన్ త్రీలోని నాలుగు వందలకు పైగా కాలేజీలు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు. పిల్లకి ఇష్టమైతే ఆడనివ్వండి. పెట్టుబడి అనుకుని ఆడించకండి.

మన పిల్లల్లోంచి కూడా ఆ దారిలో వెళ్ళినవాళ్ళున్నారు. నెల్లూరు మూలాలున్న కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన నిశేశ్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్ తరఫున టెన్నిస్ ఆడి, 2024 చివర్లో ప్రొఫెషనల్ అయ్యాడు. 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండ్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచి, తర్వాత మ్యాచ్ ఓడాడు. టెన్నిస్‌లో ఇంకో చిక్కుంది. నార్త్ కరోలినా క్రీడాకారిణి రీస్ బ్రాంట్‌మెయర్ 2021 యూఎస్ ఓపెన్‌లో గెలుచుకున్న సుమారు 49 వేల డాలర్లలో చాలా భాగం, కాలేజీ ఆట కోసం వదులుకోవాల్సి వచ్చింది. 2024లో ఆమె ఎన్‌సీఏఏ మీద కోర్టుకెళ్ళింది. తన చేత్తో గెలిచిన బహుమతిని ఎందుకు వదులుకోవాలన్నది ఆమె ప్రశ్న. ఎవరి వైపు వాదించేవాళ్ళయినా దీనికి జవాబు చెప్పాలి.

ఇక వీసా. పోయినేడు చర్చ మధ్యలో, వెనక వరసలో కూర్చునే ఒక అబ్బాయి, బాగా ఈదే పిల్లవాడు, మెల్లగా అన్నాడు: "టీచర్, వాళ్ళు ఇచ్చినా నేను తీసుకోలేను కదా. నాది హెచ్-ఫోర్." తరగతి ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. పక్కనున్న అబ్బాయికి ఆ మాటకి అర్థమే తెలియదు, అతను ఇక్కడే పుట్టాడు. అదే జట్టు, అదే నీళ్ళు, ఒకడికి హక్కు, ఒకడికి లేదు. హెచ్-ఫోర్‌లో ఉన్న పిల్లలకి పనిచేసే అనుమతి లేదు. 21 దాటాక చాలామంది ఎఫ్-వన్‌కి మారతారు. అక్కడా క్యాంపస్ బయట పనికి గట్టి పరిమితులున్నాయి. ఎన్‌ఐఎల్ ప్రకటనలు పని కిందికి వస్తాయన్న భయంతో చాలామంది విదేశీ ఆటగాళ్ళు దూరంగా ఉంటున్నారు. కాంగో నుంచి వచ్చిన కెంటకీ ఆటగాడు ఆస్కార్ షీబ్వే 2022లో జట్టుతో బహామాస్ వెళ్ళినప్పుడు, అమెరికా గడ్డ మీద కాదు కనుక, అక్కడ తన ప్రకటనల పని చేసుకున్నాడు. మీ పిల్లలకి అలాంటి అవకాశం వస్తే, సంతకం పెట్టకముందే వలస చట్టాలు తెలిసిన లాయర్ని అడగండి. కొన్ని వందల డాలర్ల కోసం వీసా పోగొట్టుకోకూడదు. పౌరులైన పిల్లలైతే, ఎన్‌ఐఎల్ ఆదాయం మీద పన్ను కట్టాలని గుర్తుంచుకోండి.

ఆ అబ్బాయి మాట తర్వాత నాకు ఒకటి అర్థమైంది. మనం ఈ చర్చని టీవీలో కనపడే ఎవరో ఆటగాళ్ళ గురించి అనుకున్నాం. మన తరగతిలోనే కూర్చున్న పిల్లవాడి గురించి అది. ఉపాధ్యాయులకి నా విన్నపం: ఏ పిల్లల వీసా ఏమిటో తరగతిలో అడగకండి. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి, మాట మార్చకండి.

తరగతిలో నడిపే పద్ధతి

రెండు వారాలు కేటాయించండి.

మొదటి వారం మాటలు. కింది మాటలు బోర్డు మీద రాసి, ఒక్కోదాన్ని పైన చెప్పిన కథలో ఒక మనిషికి జతపరచమనండి.

- పరిహారం: జరిగిన నష్టానికి ఇచ్చేది. రే డెనిసన్ భార్య అడిగింది.
- బహుమతి: గెలిచినందుకు ఇచ్చేది. బ్రాంట్‌మెయర్ వదులుకున్నది.
- పారితోషికం: కళాకారులకి, రచయితలకి, పేరున్నవాళ్ళకి ఇచ్చేది. ఎన్‌ఐఎల్ దీనికి దగ్గర.
- భృతి: బతకడానికి ఇచ్చేది. షబాజ్ నేపియర్‌కి కావలసింది.
- వాటా: కలిసి సంపాదించినదాంట్లో భాగం. హౌస్ రాజీలో వచ్చింది.
- జీతం: ఉద్యోగికి నెలనెలా వచ్చేది. ఇంకా రానిది.
- కూలి: ఏ రోజు పనికి ఆ రోజు ఇచ్చేది. ఆటకి ఈ మాట ఎందుకు వాడమో పిల్లల్నే అడగండి. మంచి చర్చ వస్తుంది.

ఆ వారం ఇంటిపని ఒకటే. ఇంట్లో అమ్మని, నాన్నని, వీలైతే ఫోన్లో తాతయ్యనో అమ్మమ్మనో ఒక ప్రశ్న అడగాలి: "నువ్వు డబ్బు తీసుకోకుండా చేసిన పని ఏది? ఎందుకు తీసుకోలేదు?" జవాబు తెలుగులో అయిదు వాక్యాలు రాసుకురావాలి. తల్లిదండ్రులు దయచేసి రాసిపెట్టకండి, చెప్పండి చాలు. తప్పులుంటే మేం చూసుకుంటాం.

రెండో వారం చర్చ. పక్షాలు పిల్లల్ని ఎంచుకోనివ్వకండి, చీటీలు వేయండి. తనకి నచ్చని పక్షం తరఫున మాట్లాడినప్పుడే మాటలు వెతుక్కుంటారు. సగం సమయం కాగానే పక్షాలు మార్చండి. ఇంగ్లీషు మాట దొర్లితే ఆపకండి, బోర్డు మీద రాసి పెట్టండి. చివర్లో అందరూ కలిసి దానికి తెలుగు మాట వెతకాలి. దొరక్కపోతే ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాయండి. టీమ్, కోచ్, స్కోర్ తెలుగు మాటలయిపోయాయి, ఇబ్బంది లేదు.

ముగింపులో తీర్పు చెప్పకండి. "టీచర్, మీరేమంటారు?" అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు మీ మాట మీరు చెప్పండి, అది మీ ఒక్కరి మాటేనని కూడా చెప్పండి. నా మాట ఇది: జీతం ఎంతన్నది తర్వాత. ముందు గాయానికి వైద్యం, ఆట ఆగిపోయినా చదువు పూర్తయ్యే హామీ. 2024 ఆగస్టు నుంచి డివిజన్ వన్ కాలేజీలు, ఆటలో తగిలిన గాయాలకి ఆట మానేశాక కనీసం రెండేళ్ళు వైద్యం ఖర్చు భరించాలని నియమం వచ్చింది. రే డెనిసన్ చనిపోయిన దాదాపు 70 ఏళ్ళకి. అది ఉపకారం కాదని నేననుకుంటాను.

చివరిగా ఒకటి. పోయినేడు ఇంటిపనికి ఒక అమ్మాయి రాసుకొచ్చిన అయిదు వాక్యాల్లో చివరిది: "మా అమ్మ ప్రతి శనివారం తెలుగు బడిలో డబ్బు తీసుకోకుండా పాఠం చెప్తుంది, ఎందుకంటే నేను అమ్మమ్మతో మాట్లాడాలి." వాళ్ళమ్మ పక్క తరగతిలో అక్షరాలు దిద్దిస్తోంది. ఆ కాగితం తీసుకెళ్ళి ఆవిడకి ఇచ్చాను. డబ్బు తీసుకోని పని ఏదో, తీసుకోనివ్వని పని ఏదో ఆ పిల్లకి తేడా తెలిసింది. ఆ తేడా తెలుగులో చెప్పగలిగింది. చర్చలో ఏ పక్షం గెలిచినా మన బడికి కావలసింది అదే.